బడిపంక్తిలో మన స్థానము

సాయంకాలమున ఒక యింటి అరుగుమీద చదువుకొన్నవారు అయిదారుగురు కూడినచో దేశమును బాగుచేయు మాట తప్పక వచ్చును. మన సంస్కరణములలో మంచివి కొన్ని అట్టి అరుగులమీదనే పుట్టినవి. పుట్టినచోటనే గిట్టినవి అంతకంటె నెక్కువ. కొన్నియేండ్ల క్రిందట మేమును అట్లే కూడితిమి. మా పట్టణమునకు క్రోసెడు దూరమున నున్న పల్లెబడిలో పిల్లలకు పెట్టు మధ్యాహ్నభోజనము ప్రస్తావనకు వచ్చెను. పప్పు నీళ్లవలె నున్నదని యొకరును, కూర యనునది గోడమీది పట్టికలో నున్నదే గాని పళ్లెములో కానరాదని యొకరును చెప్పిరి. చెప్పుటయే తడవుగా ఏడుగురము ఒక సంఘముగా నేర్పడితిమి. ఒక నోటుపుస్తకమునకు అట్టవేసి పేర్లు వ్రాసికొంటిమి, చందా నిర్ణయించుకొంటిమి, ఏ వయసు పిల్లవానికి ఎంత మాంసకృత్తు, ఎంత యినుము కావలయునో ఒక పట్టిక గూడ సిద్ధపరచితిమి. ఇంతవరకు కార్యము సుఖముగానే నడచినది. అంతలో కాఫీ గ్లాసులు తీసికొనిపోవుటకు వచ్చిన ఆ యింటి ముసలమ్మగారు గుమ్మములో నిలిచి, "ఆ బడిలో తినేది మీలో ఎవరి పిల్లలు నాయనా?" అని యడిగిరి.

ఏడుగురిలో ఒక్కరి పిల్లలును ఆ బడిలో లేరు. మా పిల్లలు పట్టణములో రుసుము చెల్లించు బడులలో చదువుచుండిరి. వారి మధ్యాహ్నభోజనము ఉదయమే కారియరులో సర్దబడి వారివెంట పోవుచుండెను. ముసలమ్మగారు ఎత్తిపొడుచుటకు అడుగలేదు; తెలిసికొనుటకే యడిగిరి. కాని ఆ ప్రశ్నకు మాలో ఎవరును వెంటనే బదులు చెప్పలేకపోయితిమి. పరుల పిల్లల పళ్లెమును గూర్చి మాటాడు అధికారము మనకు ఎక్కడినుండి వచ్చినది? ఈ వ్యాసమున మేము విచారింపదలచినది ఆ ప్రశ్ననే.

తేలికగా చెప్పదగిన సమాధానము ఒకటి కలదు. నూతిలో పడిన పిల్లవానిని పైకి తీయుటకు వాడు మన బిడ్డ కానక్కరలేదు గదా యనవచ్చును. నిజమే. కాని నూతిలో పడుట ఒక గడియ వ్యవహారము. తీసినవాడు తడిబట్టలతో ఇంటికి పోవును, పిల్లవాడు తల్లిఒడి చేరును, అంతటితో సరి. అన్నము అట్టిది కాదు. అది ప్రతిదినము వచ్చు ప్రశ్న. అందులో రుచి కలదు, ఆచారము కలదు, ఇంటి పరువు కలదు, వండినవారి చేయి కలదు. ఇన్నింటిలో చేయిపెట్టువానికి జాలి యొక్కటి చాలదు.

రెండవ సమాధానము మన సంప్రదాయము నుండి వచ్చును. అన్నదానము మహాదానమని చిన్ననాటి నుండి వినుచున్నాము. గోదావరి లంకలలో లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళ యనక కులమనక వచ్చినవారికెల్ల వండి పెట్టిన కథ తెలియని తెలుగు ఇల్లాలు ఉండదు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2024లో బడిభోజన పథకమునకు ఆమె పేరే పెట్టినది. మంచి పేరే పెట్టిరి. అయినను ఈ రెండింటికిని ఒక భేదము కలదు. దానిని మరచినచో చిక్కు కలుగును. సీతమ్మగారు తమ పొయ్యిమీద తమ చేతితో వండి తమ ఇంటిలో వడ్డించిరి. వచ్చినవాడు అతిథి, ఆమె గృహిణి. బడిలో కూర్చున్న పిల్లవాడు ఎవరికిని అతిథి కాడు. ఆ అన్నము వానికి రావలసినది. దానమునకు వంక పెట్టరాదందురు. బాకీకి లెక్క అడుగవచ్చును.

అది బాకీగా మారుటకు ఎనుబదియేండ్లకు పైగా పట్టినది. 1920లో చెన్నపట్టణపు కార్పొరేషనువారు, సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారు అధ్యక్షులుగా నున్న కాలమున, థౌజండ్ లైట్సులోని ఒక బడిలో పిల్లలకు పగటి ఫలహారము పెట్టుటకు తీర్మానించిరి. ఖర్చు తలకు దినమున కొక అణాకు మించరాదని నియమము. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము దేశమంతటికిని ఒక పథకము ప్రకటించెను గాని, పెక్కు రాష్ట్రములలో అది నెలకు మూడు కిలోల గింజలు సంచిలో పోయుటతో ముగిసినది. ఆ గింజలు ఇంటిల్లిపాది పంచుకొనగా బడిపిల్లవానికి దక్కున దెంత? 2001లో గిడ్డంగులలో ధాన్యము నిలువయుండగా పల్లెలలో ఆకలి యేలయని పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ అను సంఘమువారు సుప్రీముకోర్టునకు పోయిరి. ఆ సంవత్సరము నవంబరు 28న కోర్టువారు ప్రభుత్వ ప్రాథమికపాఠశాలలలోను, ప్రభుత్వసహాయము పొందు పాఠశాలలలోను ప్రతి బిడ్డకును వండిన అన్నమే పెట్టవలయుననియు, అందు 300 క్యాలరీలకును 8 నుండి 12 గ్రాముల మాంసకృత్తులకును తగ్గరాదనియు, ఏడాదికి 200 దినములైన పెట్టవలయుననియు ఆజ్ఞాపించిరి.

ఆజ్ఞ వచ్చినంతమాత్రమున పొయ్యి వెలుగలేదు. 2002 ఏప్రిలు 9న తొమ్మిది రాష్ట్రములలో నూరు జిల్లాలకు పైగా ఆహారహక్కు ఉద్యమమువారు ఒకేదినమున బడిభోజనముకొరకు పనిచేసిరి. బీహారులో కొన్నిచోట్ల పిల్లలు ఖాళీ పళ్లెములు పట్టుకొని బాటప్రక్క వరుసగా నిలిచిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2003లో వంట మొదలయినది. అడగనిదే అమ్మయిన పెట్టదని మన సామెత; ప్రభుత్వము అమ్మ కూడ కాదు. ఇక్కడ గమనింపదగిన దేమనగా, ఆ పళ్లెములు పట్టుకొన్నవారిలో ఆకలిగొన్న పిల్లలే ముందుండిరి. చదువుకొన్నవారు వారి ప్రక్కన నిలిచిరి గాని వారి బదులు నిలువలేదు. ఈ సూక్ష్మము మాకు అప్పుడు తెలియదు. తెలియకపోవుటచే జరిగినదానిని చెప్పవలసియున్నది. చెప్పుకొనుటకు సిగ్గుగానే యున్నది.

మా సంఘము మొదట చేసిన పని తనిఖీ. ఒక గురువారమునాడు మధ్యాహ్నము ముందు చెప్పకుండ ఆ బడికి పోతిమి. అరువదిమంది పిల్లలు వసారాలో రెండు వరుసలుగా కూర్చుండిరి. మాలో ఒకరు గరిటె పుచ్చుకొని పప్పు పైకెత్తి జారవిడిచిరి. అది సన్నని ధారగా జారెను. మరియొకరు ఫోటో తీసిరి. వంటచేసిన ఆమె నలుబది యేండ్ల మనిషి, పొదుపుసంఘపు సభ్యురాలు, చెవులకు కమ్మలు లేవు. గోడకు ఆనుకొని నిలిచి మమ్ము చూచుచుండెను. మేము ఆమెను ఏమియు అడుగలేదు. ప్రధానోపాధ్యాయునితో రెండు మాటలాడి, వచ్చిన బండిలోనే మరలివచ్చి, ఆ రాత్రియే చక్కని భాషలో ఒక ఫిర్యాదు వ్రాసి, ఫోటో జతచేసి పైయధికారికి పంపితిమి. పదునైదు దినములలో చర్య తీసికొనబడినది. ఆమెను తొలగించి వంటపని మరియొకరికి అప్పగించిరి. సంఘమునకు విజయము కలిగినదని మేము అరుగుమీద మిఠాయి పంచుకొంటిమి. అవును, మిఠాయియే. పిల్లల ఆరోగ్యాహారముకొరకు పుట్టిన సంఘము!

నెల తిరిగినపిమ్మట మరల పోయి చూచితిమి. వంటమనిషి మారినది; పప్పు మారలేదు. అదే ధార.

అప్పుడు మాలో ఒక సోదరికి మొదటి యామెను చూడవలెనని తోచినది. విచారించి ఇంటికి పోతిమి. ఆమె మిరపచేలో కూలికి పోయి వచ్చి కాళ్లు కడుగుకొనుచుండెను. కూర్చుండుటకు నులకమంచము వాల్చినది, మంచినీళ్లు ఇచ్చినది. మేము పప్పు సంగతి యెత్తగానే ఇట్లనెను: "పల్చన చేసింది నేనే బాబూ, కాదనను. నాలుగు నెలలనుంచి బిల్లు రాలేదు. కమ్మలు తాకట్టు పెట్టి రెండు నెలలు నెట్టుకొచ్చాను. తరవాత కొట్టాయన రెండు కిలోలడిగితే కిలోనే ఇస్తానన్నాడు. ఉన్నదాన్ని అరవైమందికీ చాలించాలి కదా. చిక్కగా చేసి సగంమందికి పెట్టమంటారా?" కొంతసేపు ఊరకుండి, "ఆ రోజు మీరు వచ్చారు. ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని," అనెను.

అప్పుచేసి పప్పుకూడు తినువానిని మనవారు పూర్వము నుండి నిందించుచున్నారు. అప్పుచేసి పరుల బిడ్డలకు పప్పుకూడు పెట్టిన మనిషికి మాత్రము మన సామెతలలో చోటు లేదు. ఆమెను కూటినుండి తొలగించిన పుణ్యము మాది.

ఇంటి లెక్కలు వ్రాయు అలవాటుగల చదువరులకు ఈ సంగతి అంకెలలో చెప్పుట మేలు. ప్రాథమిక తరగతులలోని బిడ్డకు దినమునకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె నియమింపబడినవి. ఆరు మొదలు ఎనిమిదవ తరగతివరకు 150, 30, 75, ఏడున్నర. బియ్యము ప్రభుత్వమే ఇచ్చును. తక్కినవానికి కేంద్రము నిర్ణయించిన వ్యయము 2025 మే 1 నుండి చిన్నతరగతులకు తలకు 6 రూపాయల 78 పైసలు, పెద్దతరగతులకు 10 రూపాయల 17 పైసలు. మా కథ జరిగిననాడు ఇంతకంటె తక్కువ. కందిపప్పు కిలో 120 రూపాయలనుకొన్నను 20 గ్రాములకు 2 రూపాయల 40 పైసలగును. కూరగాయలు కిలో 40 అనుకొన్నచో 50 గ్రాములకు 2 రూపాయలు. నూనె కిలో 140 అయినచో 5 గ్రాములకు 70 పైసలు. మొత్తము 5 రూపాయల 10 పైసలు. మిగిలిన 1 రూపాయి 68 పైసలలో చింతపండు, ఉప్పు, కారము, పోపు, పొయ్యిలోనికి గ్యాసు. టమాట ధర పెరిగిననాడు ఈ లెక్క తప్పును. పప్పు 160 అయిననాడు తప్పును. డబ్బు సకాలమున వచ్చినపుడే ఇంత ఇరుకు. మా పల్లెబడిలో వంటచేయువారు సరకులు ముందు తామే కొని, తరువాత బిల్లు పెట్టుకొని ఎదురు చూచువారు. వారి శ్రమకు కేంద్రము 2009లో నిర్ణయించిన గౌరవవేతనము నెలకు 1,000 రూపాయలు, అదియును ఏడాదికి పది నెలలకే. ఆంధ్రప్రదేశమున 2019 నుండి దానిని 3,000 చేసిరి. మన యింటిలో ఒక్కపూట వంటకు మనిషిని పెట్టుకొన్నవారు ఈ మొత్తమును తమ ఖర్చుతో పోల్చి చూచుకొందురుగాక.

ఈ లెక్క తెలిసినపిమ్మట మా సంఘమును మరల మొదటినుండి కట్టవలసివచ్చినది. ఈసారి పట్టిక వ్రాయలేదు. బడికి పోయి ఆ వరుసలోనే కూర్చుండి అదే అన్నము తినుటకు నిశ్చయించితిమి; వారమునకు ఒకదినము చొప్పున, ఏడాది పొడుగునను. ఇందులో త్యాగమేమియు లేదు, చట్టమే ఇందుకు తలుపు తెరచియున్నది. 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లాలో ఒక పల్లెబడియందు పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయిరి. 2015లో కేంద్రప్రభుత్వము చేసిన నియమములలో, వడ్డనకు ముందు ఒక ఉపాధ్యాయునితోసహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడవలయునని వ్రాయబడినది. 2009 నాటి విద్యాహక్కుచట్టము ప్రకారము ప్రతి సర్కారుబడికిని ఒక యాజమాన్య సంఘము ఉండవలెను. అందు నాల్గింట మూడువంతులు తలిదండ్రులు, సగము స్త్రీలు. అనగా మేము అరుగుమీద కూర్చుండి కనిపెట్టితిమనుకొన్న సంఘము ఆ పల్లెలో కాగితముమీద ముందే యున్నది. దానిని లేవనెత్తుటయే మిగిలిన పని.

లేవనెత్తుట మాటలు కాదు. తల్లులను మధ్యాహ్నము పన్నెండు గంటలకు రమ్మని కబురు పంపితిమి, ఒక్కరును రాలేదు. శ్రద్ధ లేదని మేము నిట్టూర్చితిమి. ఉన్న సంగతి యేమనగా, పన్నెండు గంటలకు వచ్చినవారికి ఆనాటి కూలి పోవును. సభను రాత్రి ఏడు గంటలకు రామాలయము ముందరకు మార్చగా పదునొకండుగురు వచ్చిరి. రామాలయము ముందరకు రాని వాడ యొకటి కలదని తరువాత తెలిసికొని, రెండవ సభను బడి ఆవరణమునకు మార్చితిమి. అపుడు ముప్పదిమంది వచ్చిరి. స్వచ్ఛందసేవ చేయువారికి వేళయు చోటును ఎన్నుకొనుటయందే సగము బుద్ధి తెలియునని మేము అనుకొనుచున్నాము. మన సంఘములు పెక్కింటికి మనకు తీరికైన గంటయే ముహూర్తము.

ఇక పంక్తిలో కూర్చుండు సంగతి. 2004 ఏప్రిలు 20న సుప్రీముకోర్టువారు బడివంటకు దళితులను, షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని ముందుగా ఎన్నుకొనవలయునని చెప్పియుండిరి. మా బడికి వచ్చిన రెండవ వంటమనిషి దళితవాడనుండి వచ్చినది. మా ఏడుగురిలో కులనిర్మూలనమును గూర్చి ఎక్కువ ఉపన్యాసములిచ్చిన మిత్రులొకరుండిరి. మొదటి వారము ఆయన బడికి వచ్చి ఏకాదశి యనిరి. రెండవ వారము ఇంటివద్ద ఆలస్యముగా ఫలహారము చేసితిననిరి. మూడవ వారము కడుపులో బాగులేదనిరి. మేము ఊరకుంటిమి. ఊరకుండనివాడు మూడవ తరగతి పిల్లవాడొకడు. "ఆ సారు రోజూ ఎందుకు తినరు?" అని పళ్లెము చేత పట్టుకొనియే అడిగెను. వంటచేసిన ఆమె ఆ మాట వినినది. వినలేదన్నట్లు సాంబారు గిన్నె లోపలికి తీసికొనిపోయెను.

ఆయన చెడ్డవారని మేము అనము. తమ బుద్ధి ఒప్పిన దానికి నాలుక ఒప్పుకొనకపోవుట మనలో పెక్కుమందికి తెలిసిన బాధయే. కాని ఆయన అక్కడ కూర్చుండి తినకపోవుటవలన జరుగునది ఆయన యొక్కరి విషయము కాదు. ఆ పల్లెలో రెండుమూడు ఇండ్లవారు తమ పిల్లలను భోజనవేళకు ఇంటికి పిలిపించుకొనుచుండిరి. కారణము అందరికిని తెలియును, ఎవరును పలుకరు. పట్టణమునుండి వచ్చిన పెద్దమనిషి తినక కూర్చుండుట వారికి ప్రమాణపత్రమైపోయినది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నను లోటులేదందురు. వండినది మనవారు కాదనుకొన్నచో మొదటి పంక్తియును లోటే. ధనము లేనివారు, మాట నేర్పు లేనివారు, తీరిక లేనివారు సైతము ఇట్టి సంఘమునకు ఉపయోగపడుదురు. ఆ అన్నము తినలేనివారు మాత్రము ఉపయోగపడరు. మేము ఆ మాట చెప్పకముందే ఆయన తామే మానుకొనిరి. పిమ్మట కొంత సొమ్ము పంపిరి. దానిని తీసికొనవలయునా వద్దా యని పెద్ద తర్జనభర్జన జరిగినది. తుదకు తీసికొని సరకులు తూచుటకు ఒక కాటా కొంటిమి.

ఆరోగ్యకరమైన ఆహారమనగా నేమి యను విషయమునను మేము పాఠము చెప్పుటకు పోయి పాఠము నేర్చుకొనియే వచ్చితిమి. తల్లులు కోరినది సన్నబియ్యము. లావుబియ్యము ముద్దయగుచున్నదనియు, పిల్లలు పారవేయుచున్నారనియు వారి మొర. మాకు చదువు అడ్డువచ్చినది. ఉత్తరసర్కారు జిల్లాలలో ఒకప్పుడు బెరిబెరి రోగము మెండుగా నుండెడిది. మరలో బాగుగా పాలిషుపట్టిన పచ్చిబియ్యము తినువారికి తౌడులోని బి-విటమిను దక్కకపోవుటయే కారణము; ఉప్పుడుబియ్యము తిను తమిళ జిల్లాలలో ఆ రోగము అరుదు. ఆ రోగమును పరిశీలించుటకే 1918లో కూనూరున ఒక గదిలో మొదలైన పరిశోధనశాల పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. ఈ కథనంతయు మేము తల్లులకు సవిస్తరముగా చెప్పితిమి. వారు ఓపికతో వినిరి. చివర ఒకామె, "మీ ఇంట్లో ఏం బియ్యం వండుతారమ్మా?" అని మా సోదరి నడిగెను. మా యిండ్లలో వండునది మల్లెపూవువంటి తెల్లని సన్నబియ్యమే. 2025 జూను నుండి ఆంధ్రప్రదేశపు బడులలో సన్నబియ్యమే పెట్టుచున్నారు. తౌడును గూర్చి మేము చెప్పినది అబద్ధము కాదు. ఇంటిలో ఆచరింపనిది పల్లెకు పోయి చెప్పుటవలన అది అబద్ధమువలె వినబడినది. ఆ తరువాత మా యిండ్లలో మూడింట రాగిజావ మొదలైనది. రెండింట ఇప్పటికిని సాగుచున్నదని విన్నాము.

గుడ్డు విషయమున మాత్రము మేము మెత్తబడలేదు. సంఘములో ఇద్దరము గుడ్డు ముట్టనివారము. అందరికిని అరటిపండు పెట్టించి గుడ్డు మాన్పించుట శ్రేయమని ఒకరు సూచించిరి. కొన్ని రాష్ట్రములలో గుడ్డు పెట్టకుండుటకు ఇట్టి ఆలోచనయే కారణమైనది. ఒక గుడ్డులో ఆరు గ్రాములకు అటునిటుగా మాంసకృత్తు కలదు. అరటిపండులో ఒక గ్రాము. మధ్యాహ్నము బడిలో దొరకు గుడ్డు తప్ప వారములో మరియొకటి చూడని పిల్లలు ఆ వరుసలో చాలమంది కలరు. తినని యింటి బిడ్డకు పండో పల్లీచిక్కీయో వేరుగా నిచ్చుట న్యాయము. తిను బిడ్డ పళ్లెమునుండి గుడ్డు తీయించుట దయ పేరుతో చేయు దొంగతనము. గుడ్డు ముట్టని ఆ ఇద్దరిలో ఈ వ్యాసము వ్రాయుచున్న చేయియు నొకటి.

బడి ఎదుట నున్న చిన్నకొట్టును గూర్చి రెండు మాటలు. బడిగేటునుండి 50 మీటర్లలోపల కొవ్వు, ఉప్పు, పంచదార మితిమీరిన తినుబండారములు అమ్మరాదని 2020లో కేంద్ర ఆహారభద్రతాసంస్థవారు నియమము చేసిరి. ఆ కొట్టు పదునైదు మీటర్ల దూరమున నున్నది. అందు అయిదు రూపాయల పొట్లములు తోరణమువలె వ్రేలాడుచుండెను. ఈమారు ఫిర్యాదు వ్రాయుటకు మా కలము లేవలేదు. కొట్టు నడుపు అవ్వతో మాటలాడగా, ఉడికించిన పల్లీలు, జామకాయలు అమ్ముటకు ఆమె ఒప్పుకొనెను. పొట్లములను పూర్తిగా తీయలేదు, వెనుకకు జరిపినది. ఇది చాలునా యనిన చాలదు. కాని మా సొంతపిల్లల బడిసంచులు విప్పి చూచినవారికి ఆ అవ్వను గద్దించు ధైర్యము కలుగదు. కేంద్ర మాధ్యమిక విద్యామండలివారు 2025లో తమ బడులలో పంచదారను గూర్చిన పలకలు వ్రేలాడదీయుమని చెప్పవలసివచ్చినది పల్లెపిల్లలను చూచి మాత్రమే కాదు గదా.

నేడు మా సంఘములో మొదటి ఏడుగురిలో నలుగురము మిగిలియున్నాము. పల్లెనుండి తొమ్మండుగురు తల్లులు చేరిరి. అధ్యక్షురాలు వారిలో ఒకరు. వంటచేయు ఆమెయు సభ్యురాలే. సరకు వచ్చిననాడు తూచుట, రుచిపుస్తకములో చేవ్రాలు చేయుట, బిల్లు ఎక్కడ ఆగినదో నెలనెలకు పోయి కనుగొనుట, మునగచెట్లకు నీళ్లుపోయుట మా పనులు. బిల్లుకొరకు కార్యాలయముల మెట్లు ఎక్కుటయందే చదువుకొన్నవారి అవసరము ఎక్కువగా కనబడినది. అర్జీ యెట్లు వ్రాయవలెనో, రసీదు ఎట్లు అడుగవలెనో మాకు తెలియును, ఆ తల్లులకు కొత్త. ముసలమ్మగారి ప్రశ్నకు ఇదే బదులని మేము అనుచున్నాము: ఆ పళ్లెములో ఏముండవలెనో నిర్ణయించు అధికారము మాకు లేదు, ఆ పంక్తిలో కూర్చుండి తినిన యెడల, దానికై తిరుగు పనిలో పాలు దొరకును.

మొదటి వంటమనిషి మాత్రము మరల బడికి రాలేదు. తప్పు మాదని వ్రాసి యిచ్చితిమి, అధికారులు ఆమెను పిలిచిరి గూడ, ఆమెయే వద్దనినది. కొట్టులో ఆమె పేర నిలిచిన బాకీ 22,000 రూపాయలు. రావలసిన పాతబిల్లు అందుకు ఇంచుమించుగా సరిపోవును, అది యింకను రాలేదు. ఆ బాకీని మేము తీర్చవలయునా యని సంఘములో నేటికిని వాదము సాగుచున్నది. మేము తీర్చినచో ప్రభుత్వము బాకీ మరచిపోవునని కొందరు. ప్రభుత్వము జ్ఞాపకము చేసికొనువరకు ఆమె కమ్మలు తాకట్టులోనే యుండవలయునా యని కొందరు. పోయిన ఆదివారము అధ్యక్షురాలు ఇద్దరి మాటలును విని, "బిల్లు కోసం అర్జీ రేపు పెట్టండి. కమ్మలు ఇవాళ విడిపించండి," అనిరి. కమ్మలు తీసికొనిపోయి ఇచ్చినపుడు ఆమె వానిని చెవులకు పెట్టుకొనలేదు. కొంగున ముడివేసికొని, రసీదు ఎవరి పేర నున్నదని యడిగెను.